వేళ్ళ వేగం కాదు, వేళ లెక్క

చిక్కబళ్ళాపుర జిల్లాలో మన పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. కొన్ని ఇళ్ళలో పొద్దుగూకాక టీవీలోంచి మూడో భాష కూడా వినిపిస్తుంది: 'హడోకెన్!' అని ఒక జపాను కేక. స్ట్రీట్ ఫైటర్ ఆటలో ర్యూ అనే యోధుడు రెండు చేతుల మధ్య నుంచి శక్తిని ముద్దగా విసిరేటప్పుడు వేసే కేక అది. ఆడే పిల్లవాడో పిల్లో ఒకరోజు "నేను దీన్ని పోటీలకు నేర్చుకుంటా" అంటే ఇంట్లోవాళ్ళకు ఏమనాలో తోచదు. నేర్చుకునేవాళ్ళకూ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. ఇద్దరికీ పనికొచ్చేలా ఆ లెక్కలు విప్పి చెబుతాను. పెద్ద గణితమేమీ లేదు, అంగడి పద్దు రాయడం వస్తే చాలు.

ముందు ఆట స్వరూపం. ఒక తెర, ఇద్దరు ఆటగాళ్ళు, ఇద్దరి చేతుల్లో చెరొక పాత్ర. 2023 జూన్‌లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 6లో దాదాపు ప్రతి పాత్రకూ 10,000 ప్రాణ పాయింట్లు ఉంటాయి. గడియారం 99 నుంచి కిందికి దిగుతుంది. ఎదుటివాడి పాయింట్లు సున్నా చేసినవాడిది ఆ రౌండు. మూడింటిలో రెండు రౌండ్లు గెలిస్తే ఆట మనది. గుద్దులకు మూడు బటన్లు, తన్నులకు మూడు. పాత్ర మారితే అవే బటన్లకు వేరే దెబ్బలు పలుకుతాయి. కాబట్టి ఈ ఆట నేర్చుకోవడమంటే ముందుగా ఒక పాత్రను నేర్చుకోవడమే.

ఏ పాత్ర? మనవాళ్ళలో చాలామంది చూపు ముందు ధాల్సిమ్ మీద పడుతుంది. 1991లో స్ట్రీట్ ఫైటర్ 2 వచ్చినప్పుడు ఆడుకోవడానికి ఎనిమిది మంది యోధులుంటే, అందులో ఒకడు మన దేశపు యోగి ధాల్సిమ్. వాడి రంగస్థలం నిండా ఏనుగులే. చేతులూ కాళ్ళూ రబ్బరులా సాగుతాయి, నోట్లోంచి నిప్పు వస్తుంది. మన పాత్ర కదా అన్న మమకారం నాకూ ఉంది. అయినా మొదటి పాత్రగా వద్దనే చెబుతాను. ధాల్సిమ్ దెబ్బలు దూరం పోతాయి, కానీ చాలావరకు నిదానం. ఎదుటివాడు మీదికొచ్చి దగ్గరగా నిలబడితే కాచుకోవడం కష్టం. ఆట నియమాలు ఇంకా ఒంటబట్టని దశలో, నియమాలకు మినహాయింపులా నడిచే పాత్రతో మొదలుపెడితే ఓడినప్పుడు తప్పు ఎక్కడుందో తెలియదు. ర్యూ అలా కాదు. వాడి దగ్గర అన్నీ కొంచెం కొంచెం ఉంటాయి, వాడితో నేర్చింది తర్వాత ఏ పాత్రకైనా పనికొస్తుంది.

ఇప్పుడు అసలు కొలత. తెర మీద కదిలే బొమ్మ నిజానికి సెకనుకు 60 నిశ్చల చిత్రాల వరుస. ఒక్కో చిత్రాన్ని ఫ్రేమ్ అంటారు. అంటే ఒక ఫ్రేము సెకనులో అరవయ్యో వంతు, సుమారు 16.7 మిల్లీ సెకన్లు. మనిషి ఎంత త్వరగా రెప్ప వేసినా ఆరు ఫ్రేములన్నా గడుస్తాయి. ఈ ఆటలో అన్నింటికన్నా వేగమైన చిన్న గుద్దుకు 4 ఫ్రేములు చాలు. రెప్ప పడి లేచేలోపు దెబ్బ తగిలి ఉంటుంది.

ఇక్కడే అందరికీ ఒక అనుమానం వస్తుంది: "అంత వేగాన్ని చూసి ఆపేవాళ్ళంటే వాళ్ళ కళ్ళూ వేళ్ళూ దేవుడు వేరేగా చేశాడా?" లేదు. ఎవరూ చూసి ఆపరు, ఆపలేరు. దీపం వెలగగానే బటన్ నొక్కమంటే ఆరోగ్యవంతుడైన యువకుడికి సుమారు 200 నుంచి 250 మిల్లీ సెకన్లు పడుతుంది. ఫ్రేముల్లో చెబితే 12 నుంచి 15. పైగా అది ఒకే దీపం, ఒకే బటన్ ఉన్నప్పటి సంగతి. ఎర్రదీపానికి ఒకటి, పచ్చదీపానికి ఇంకొకటి నొక్కాలంటే ఇంకా ఆలస్యమవుతుంది. 4 ఫ్రేముల గుద్దునూ, 5 ఫ్రేముల పట్టునూ (ఎదుటివాణ్ణి పట్టి విసిరేయడం) కంటితో చూసి జవాబు చెప్పడం ప్రపంచ విజేతకూ సాధ్యం కాదు.

మరి దేన్ని చూసి ఆపవచ్చు? నిదానమైన వాటిని. ర్యూ నిలువుగా పైనుంచి కొట్టే ఒక గుద్దు ఉంది. కూర్చుని కాచుకున్నవాడికి కూడా తగులుతుంది, లేచి కాచుకోవాలి. అది తగలడానికి 20 ఫ్రేములు పడుతుంది, అంటే సెకనులో మూడో వంతు. డ్రైవ్ ఇంపాక్ట్ అనే భారీ దెబ్బకు 26 ఫ్రేములు. మన స్పందనకు 13 ఫ్రేములు పోతే 20లో 7 మిగులుతాయి. అందులో టీవీ మింగే ఆలస్యం ఒక మూడు తీసేస్తే నాలుగు. నాలుగు ఫ్రేములే మిగిలాయి కాబట్టి ఆ ఒక్క దెబ్బ కోసమే ఎదురుచూస్తూ ఉంటే ఆపగలం, పరధ్యానంగా ఉంటే తగులుతుంది. అందుకే మంచి ఆటగాడు ప్రతి క్షణం అన్నింటినీ కనిపెట్టాలని చూడడు. ఈ దూరంలో, ఈ పరిస్థితిలో ఎదుటివాడు చేయగలిగినవి ఏవో ముందే తెలుసుకుని, వాటిలో చూసి ఆపదగ్గ ఒకటి రెండింటి మీదే దృష్టి పెడతాడు. మిగతావాటికి ఎక్కడ నిలబడాలో ముందుగానే నిర్ణయించుకుంటాడు. కోటలో అన్ని బురుజుల మీదా కాపలా పెట్టలేనప్పుడు శత్రువు ఎక్కగల గోడ ఏదో చూసి అక్కడ పెట్టినట్టు.

దీనికి సాక్ష్యం కావాలంటే హాంగ్‌జౌ ఆసియా క్రీడలు చూడండి. 2023లో అక్కడ మొదటిసారి ఈ-స్పోర్ట్స్‌ను, అంటే వీడియో ఆటల పోటీలను, పతకాలిచ్చే క్రీడగా ఆడించారు. స్ట్రీట్ ఫైటర్ 5లో మన దేశం తరఫున మయాంక్ ప్రజాపతి, అయాన్ బిశ్వాస్ ఆడారు. బంగారు పతకం దక్షిణ కొరియాకు చెందిన కిమ్ గ్వాన్-వూది. అప్పటికి ఆయన వయసు 44. ఇరవై ఏళ్ళ పిల్లల స్పందన ఆయనకన్నా వేగంగా ఉండొచ్చు, కానీ ఏ గోడ మీద కాపలా పెట్టాలో ఆయనకు తెలుసు.

కాపలా ఎక్కడ పెట్టాలో చెప్పేదే ఫ్రేమ్ లెక్క. ఈ ఆటలో దీన్ని మించింది లేదు కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. ప్రతి దెబ్బకూ మూడు భాగాలుంటాయి: చేయి ఎత్తే కాలం, తగిలే కాలం, చేయి వెనక్కి తీసుకునే కాలం. నేను కొట్టాను, ఎదుటివాడు కాచుకున్నాడు. ఇద్దరం మళ్ళీ కదలగలిగేది ఎప్పుడు? అతను నాకన్నా 6 ఫ్రేములు ముందు కదలగలిగితే నా దెబ్బ 'మైనస్ ఆరు'. నేను 2 ఫ్రేములు ముందు కదిలితే 'ప్లస్ రెండు'. మైనస్ అంటే అప్పు, ప్లస్ అంటే మిగులు.

అప్పు ఎంతవరకు ఫరవాలేదు? ఎదుటివాడి చిన్న గుద్దుకు 4 ఫ్రేములు కావాలి. నా అప్పు 3 అయితే వాడు గుద్దు మొదలుపెట్టినా అది చేరేలోపు నేను కాచుకుంటాను. అప్పు 4 అయిందంటే, నేను వాడికి అందేంత దగ్గర్లో ఉంటే, ఆ గుద్దు తగిలి తీరుతుంది. ఇందులో ఊహకు తావులేదు. ఇలా తప్పకుండా తగిలే దెబ్బను ఆటగాళ్ళు 'పనిష్' అంటారు, ఎదుటివాడి తప్పుకు వేసే జుల్మానా అన్నమాట. అప్పు ఇంకా పెద్దదైతే జుల్మానా కూడా పెద్దది. మైనస్ పది, పదిహేను ఉన్న దెబ్బను కాచుకున్నాక చిన్న గుద్దుతో సరిపెట్టుకోకూడదు, బలమైన దెబ్బతో మొదలుపెట్టాలి. వంద రూపాయలు రావాల్సిన చోట పది తీసుకుని ఊరుకోవడం లాంటిది అది. కొత్తవాళ్ళు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే, ఓడిన ఆటను మళ్ళీ వేసి చూస్తే వసూలు చేయని బాకీలు వరుసగా కనిపిస్తాయి.

ఈ అంకెలన్నీ కంఠతా పట్టాలా? అక్కర్లేదు. సాధన గదిలో తెర కింద రంగు గళ్ళ వరుస పెట్టుకోవచ్చు, ఒక్కో గడి ఒక్కో ఫ్రేము. దాన్ని ఫ్రేమ్ మీటర్ అంటారు. ఎవరు ముందు కదిలారో, ఎన్ని గళ్ళ తేడానో కళ్ళకు కట్టినట్టు చూపిస్తుంది. మొదట మీ పాత్ర తరచూ వాడే ఎనిమిది, పది దెబ్బల అప్పు-మిగులు తెలిస్తే చాలు. ఎదుటి పాత్రల విషయానికొస్తే, ఆట విడుదలైనప్పుడు యోధులు 18 మంది. మొదటి రెండేళ్ళలో ఏడాదికి నలుగురు చొప్పున చేరి 26 అయ్యారు. ఒక్కొక్కరిలో ముఖ్యమైన ఐదేసి దెబ్బలు చూసుకుంటే 130. వారానికి ఒక పాత్ర పెట్టుకుంటే ఆరు నెలల పని. చింతామణి మార్కెట్‌లో ఏ రకం సరుకుకు ఏ రోజు ఏ ధర పలికిందో నోటికి చెప్పేవాళ్ళున్న నేల మీద 130 అంకెలు ఎక్కువేమీ కాదు.

ఇక కాంబో. ఒక దెబ్బ తగిలాక ఎదుటివాడు తేరుకోకముందే తర్వాతది, దాని తర్వాతది తగిలేలా పేర్చే గొలుసు అది. చూడ్డానికి అందంగా ఉంటుంది, అందుకే పిల్లలు ముందు దీని మీద పడతారు. దీని లెక్క చాలా కఠినం. పది మెట్ల కాంబోలో ఒక్కో మెట్టూ నూటికి 95 సార్లు సరిగ్గా వస్తోందనుకుందాం. మంచి మార్కులే అనిపిస్తుంది. కానీ పది మెట్లూ ఒకేసారి కుదిరే అవకాశం 0.95ను పదిసార్లు గుణిస్తే వచ్చేది, సుమారు 60 శాతం. ఐదుసార్లు మొదలుపెడితే రెండుసార్లు మధ్యలో తెగుతుంది. మెట్టుకు 99 శాతం కుదిరితే మొత్తం 90కి చేరుతుంది. శిడ్లఘట్టలో పట్టు తీసేవాళ్ళకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు. దారం మధ్యలో తెగితే మళ్ళీ కొస వెతికి అతకాలి. ఇక్కడ అతికే వీలు కూడా ఉండదు, తెగిన చోట ఎదుటివాడి దెబ్బ పడుతుంది. కాబట్టి మొదటి మూడు నెలలు నాలుగు మెట్ల కాంబో ఒకటి, నిద్రలో లేపినా వచ్చేలా నేర్చుకోండి. కుడి వైపు నిలబడి వందసార్లు, ఎడమ వైపు నిలబడి వందసార్లు. పక్క మారితే వేళ్ళు తడబడతాయన్నది ఆడితేనే తెలుస్తుంది.

బటన్లు నొక్కడమే కష్టంగా ఉన్నవాళ్ళకు ఒక దారి ఉంది. కింద, ముందు-కింద, ముందు అని తిప్పి గుద్దు నొక్కితే వచ్చే హడోకెన్, 'మోడర్న్' పద్ధతిలో ఒక్క బటన్‌తో వస్తుంది. దానికి ధర ఉంది: అలా వచ్చిన ప్రత్యేక దెబ్బలకు బలం 20 శాతం తగ్గుతుంది. పది రూపాయల దెబ్బకు ఎనిమిదే దక్కుతుంది. ఇది దొంగదారి అనేవాళ్ళ మాట పట్టించుకోకండి. నియమాల్లోనే ఉంది, పోటీల్లోనూ చెల్లుతుంది.

రోజుకు ఎంతసేపు? ఒక గంట అని నా అభిప్రాయం, రోజూ వదలకుండా. ఆదివారం ఏడు గంటలు కూర్చోవడం కన్నా అది మేలు. గంటలో 20 నిమిషాలు సాధన గదికి, అరగంట ఆటకు, చివరి పది నిమిషాలు ఓడిన ఆటను మళ్ళీ చూసుకోవడానికి. ఆ చివరి పది నిమిషాలే అందరూ ఎగ్గొడతారు, ఎక్కువ నేర్పేది అవే. ఎస్సెస్సెల్సీ, పీయూసీ పరీక్షల నెలల్లో మాత్రం పూర్తిగా ఆపేయండి. వేళ్ళు మరిచింది వారంలో తిరిగి వస్తుంది.

ఖర్చు సంగతి ఇంటిపెద్దలు అడగకముందే చెబుతాను. స్ట్రీట్ ఫైటర్ 6 పాత ప్లేస్టేషన్ 4లో కూడా నడుస్తుంది. కొత్త యంత్రం కొనాల్సిన పనిలేదు, వాడినది దొరికినా చాలు. యంత్రం, టీవీ కలిపి 300 వాట్లు అనుకుంటే రోజుకు గంట చొప్పున నెలకు 9 యూనిట్ల కరెంటు. గృహజ్యోతి కింద బిల్లు రాని ఇళ్ళు ఒకటి గమనించాలి: ఉచిత యూనిట్లు ఇంటి పాత సగటు వాడకాన్ని బట్టి లెక్కగడతారు కాబట్టి ఈ తొమ్మిది అందులో పడతాయో లేదో బిల్లులో చూసుకోండి. టీవీ సెట్టింగుల్లో 'గేమ్ మోడ్' పెట్టడానికి పైసా ఖర్చు లేదు. అది పెట్టకపోతే కొన్ని టీవీలు 80 మిల్లీ సెకన్ల దాకా ఆలస్యంగా బొమ్మ చూపిస్తాయి. అంటే 5 ఫ్రేములు. 20 ఫ్రేముల దెబ్బకు మనకు నాలుగే మిగిలాయన్న లెక్కను మరోసారి చూస్తే, ఆ మీట ఎంత విలువైనదో తెలుస్తుంది.

"బాగేపల్లిలో కూర్చుని ఎవరితో ఆడతాం?" అనేది న్యాయమైన ప్రశ్న. తీగలో ప్రయాణించే కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. బాగేపల్లి నుంచి బెంగళూరు సుమారు వంద కిలోమీటర్లు, రానూ పోనూ కాంతికి ఒక మిల్లీ సెకను. ముంబై వెయ్యి కిలోమీటర్లనుకుంటే పది. నిజానికి దారి మలుపులు, మధ్యలో యంత్రాలు కలిసి ఇంతకు రెండు మూడింతలవుతుంది. అయినా రెండు ఫ్రేములకు మించదు. అంటే ఆటకు సంబంధించినంత వరకు బెంగళూరు కోరమంగళ కుర్రవాడికీ, బాగేపల్లి కుర్రవాడికీ తేడా లేదు. తేడా వచ్చేది ఇంట్లోనే: వైఫైలో గోడలు దాటేటప్పుడు సంకేతం ఆగి ఆగి వస్తుంది, అది ఆటను పాడుచేస్తుంది. రౌటర్ నుంచి యంత్రానికి ఒక తీగ లాగండి. మిగిలిన ఆలస్యాన్ని కప్పిపుచ్చడానికి 'రోల్‌బ్యాక్' అనే పద్ధతి ఉంది. ఎదుటివాడు ఏం నొక్కి ఉంటాడో యంత్రం ముందే ఊహించి చూపిస్తుంది, ఊహ తప్పితే ఒకటి రెండు ఫ్రేములు వెనక్కి వెళ్ళి దిద్దుతుంది. దీన్ని 2006లో తెచ్చినవాడు టోనీ కానన్. ఈ ఆటలకు అతిపెద్ద పోటీ అయిన ఈవో స్థాపకుల్లో ఒకడు. ఆ ఈవో మొదలైంది కూడా మన తెలుగువాళ్ళు ఎందరో ఉద్యోగాలు చేసే సన్నీవేల్‌లో, 1996లో, 40 మందితో.

2023 ఈవోలో స్ట్రీట్ ఫైటర్ 6కు 7 వేల మందికి పైగా పేర్లిచ్చారు. అక్కడి నియమం రెండు ఓటములకు ఇంటికి. మొదటి ఆటలో సగం మంది ఓడతారు, వాళ్ళలో సగం రెండోదీ ఓడతారు. అంటే ఇంచుమించు నలుగురిలో ఒకరు, 1,750 మంది, ఒక్క ఆటా గెలవకుండానే వెనుదిరుగుతారు. 2024 ఫిబ్రవరిలో క్యాప్‌కామ్ కప్ అనే స్ట్రీట్ ఫైటర్ పోటీ గెలిచిన తైవాన్ ఆటగాడు ఉమాకు 10 లక్షల డాలర్లు, అప్పటి లెక్కన 8 కోట్ల రూపాయలకు పైనే, వచ్చిన మాట నిజం. అది మొదటి స్థానం ఒక్కడికి. దీన్ని బతుకుతెరువుగా లెక్కవేసి చదువు మానే ఆలోచన ఎవరికైనా ఉంటే, ఆ 1,750ని ముందు లెక్కలోకి తీసుకోవాలి.

పందెం ఆటలతో దీన్ని కలిపి భయపడేవాళ్ళకు ఒక మాట. ఈ-స్పోర్ట్స్‌ను కేంద్రం 2022 డిసెంబరులో క్రీడల శాఖ కిందికి తెచ్చింది. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను విడిగా గుర్తించింది. ఇది రమ్మీ కాదు.

మరి ప్రపంచ స్థాయి ఆటగాడు పెద్ద ఊరి నుంచే, డబ్బున్న దేశం నుంచే రావాలా? లాహోర్ సంగతి వినండి. టెక్కెన్ 7 అనే మరో ఫైటింగ్ గేమ్‌లో కొరియా, జపాన్‌లదే రాజ్యం అనుకుంటున్న రోజుల్లో, 2019 ఫిబ్రవరిలో ఫుకుఓకాలో జరిగిన ఈవో జపాన్‌ను అర్స్‌లాన్ యాష్ అనే పాకిస్తానీ కుర్రవాడు గెలిచాడు. పెద్ద వేదికల మీద ఎవరికీ పెద్దగా తెలియని పేరు. ఆగస్టులో లాస్ వెగాస్‌లో అసలు ఈవోను కూడా గెలిచాడు, ఫైనల్లో ఓడించింది 'నీ' (Knee) అనే కొరియా దిగ్గజాన్ని. ఒకే ఏడాది రెండూ గెలిచిన మొదటి మనిషి అతనే. గెలిచాక అతను చెప్పింది, మా దేశంలో నాలాంటివాళ్ళు ఇంకా ఉన్నారని. అదే ఏడాది 'నీ' స్వయంగా పాకిస్తాన్ వెళ్ళి అక్కడివాళ్ళతో ఆడి వచ్చాడు. లాహోర్‌కు గొప్ప ఇంటర్నెట్టూ లేదు, గొప్ప యంత్రాలూ లేవు. ఆర్కేడ్ అంగళ్ళలో పక్కపక్కన కూర్చుని, ఒకరి లోపం ఒకరు పట్టి, రోజూ కొట్టుకున్న మనుషులున్నారు.

మన జిల్లాకు కావలసింది కూడా అదే. ఎనిమిది మందిని పోగుచేయండి. చిక్కబళ్ళాపురలో ఇద్దరు, చింతామణిలో ఇద్దరు, బాగేపల్లిలో ఇద్దరు, గౌరిబిదనూరులో ఒకరు, కావాలంటే హిందూపురం నుంచి ఒకరు. ప్రతి ఒక్కరూ మిగతా అందరితో ఒక్కోసారి ఆడితే 28 పోటీలు. పోటీకి ఐదు నిమిషాలు. ఒక టీవీ, ఒక యంత్రం ఉన్నా రెండు గంటల ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. అన్నం తిన్నాక మొదలుపెడితే చీకటి పడకముందే అందరూ బస్సెక్కి ఇళ్ళకు చేరవచ్చు. ఇంట్లో ఒక గది ఇవ్వగల పెద్దలు ఎవరైనా ఉంటే, నెలకు ఒక ఆదివారం ఆ గది ఇవ్వండి.